జడ్జిగారికి తెలుగొచ్చు

ఆ రోజుల్లో, అంటే చేతిలో ఫోను ఉన్నా అందులో ప్రపంచం ఇంకా పట్టని రోజుల్లో, మా బ్యాచ్ కుర్రాళ్ళకి అమెరికాలు రెండుండేవి. శాంటా క్లారాలో ప్రాజెక్టు దొరికినవాళ్ళ అమెరికా ఒకటి, దొరకనివాళ్ళ అమెరికా ఒకటి. నేను రెండోదానికి చెందినవాణ్ణి. అక్కడివాళ్ళు ఫోన్ చేసి, శనివారం ఏ తెలుగు సినిమాకి వెళ్ళాలో తేలక కొట్టుకుంటున్నాం అని మొర పెట్టుకుంటుంటే నేను కిటికీలోంచి మొక్కజొన్న చేను చూస్తూ ఊఁ కొట్టేవాణ్ణి. ఆ చేను చివర ఏముందిరా అని ఒకడు అడిగాడు. ఇంకో మొక్కజొన్న చేను ఉంది. అప్పట్లో వాళ్ళని తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు జాలేస్తుంది. వాళ్ళందరికీ ఇళ్ళున్నాయి, షేర్లున్నాయి, చెప్పుకోవడానికి ఒక్కడి దగ్గరా ఆబోతు కథ లేదు. (నేను చెప్పే కథల్లో రూపాయికి పావలా నిజమని మా ఆవిడ లెక్క. ఇది మాత్రం పన్నెండణాల కథ.)

మా కంపెనీ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేది. అక్కణ్ణించి నన్నూ, వరంగల్ కుర్రాణ్ణొకణ్ణీ (నన్ను ‘అన్నా’ అనేవాడు కాబట్టి ఇక్కడ తమ్ముడనే అంటాను) ఇలినాయ్‌లో ఒక పల్లెకి పంపారు. ఊరి పేరు చెప్పను, చెప్పినా మీకు మ్యాపులో దొరకదు. ఊరికంటే ముందు ధాన్యం నిలవచేసే కాంక్రీటు గొట్టాలు కనిపిస్తాయి. వాటి కాళ్ళ దగ్గర ఒక వీధి, ఒక చర్చి, ఒక కాఫీ హోటలు. రైతుల సహకార సంఘంవాళ్ళు లారీలు తూచే పాత ప్రోగ్రాము మార్చాలనుకున్నారు. మొక్కజొన్న కోతకి వచ్చేలోగా మేము కొత్తది పెట్టాలి. తమ్ముడికి సంఘం గోదాము మీద గది దొరికింది. నాకు ఒక ముసలావిడ ఇంటి పైగది. మొదటిరోజే ఆవిణ్ణి ‘ఆంటీ’ అన్నాను. “నేను నీకెలా ఆంటీని?” అని ఆవిడ నిజంగానే అడిగింది. మావాళ్ళలో పెద్దవాళ్ళందరూ ఆంటీలేనని చెబితే కాసేపు ఆలోచించి, “అయితే ఇవాళ్టినుంచి నీ బట్టలు నేలమీద కనిపిస్తే తిడతాను” అంది. కోతలనాటికి ఊరు ఊరంతా, పాస్టరుగారితో సహా, ఆవిణ్ణి ఆంటీ అనే పిలుస్తున్నారు.

ఆంటీకి పోయిన మొగుడు వదిలివెళ్ళిన ఆస్తి ఒక కర్రల కొట్టమూ, దాని ముందు కంచె వేసిన బీడూ, బీడులో ఒక ఆబోతూ. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మొహం, నుదుటిమీద వెనకటికి ఇంగ్లీషు జడ్జీలు పెట్టుకున్న విగ్గులాంటి తెల్లని ఉంగరాల జుట్టు. అందుకే దాని పేరు జడ్జి. ఎవరివంక చూసినా శిక్ష ఖాయం చేసినట్టే చూసేది. ఆయన చనిపోయిన చలికాలంలోనే పుట్టిందట. తల్లి పాలివ్వకపోతే ఆంటీ వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలు పట్టి పెంచింది. ఇప్పుడది వంటింట్లో పట్టదు. ఆమాటకొస్తే వంటిల్లే దాని వెనక దాక్కునేలా ఉంటుంది.

ఇక ఆ ఊళ్ళో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు చర్చి కాదు, కాఫీ హోటల్లోని గుండ్రటి బల్ల. పొద్దున్నే రైతులు అక్కడ చేరి అబద్ధాలు చెప్పుకునేవారు. పోసుకోలు కబుర్లు కావు, నియమనిష్ఠలతో చెప్పే అబద్ధాలు. నియమం ఒక్కటే: చెప్పేవాడు నవ్వకూడదు, వినేవాడు నవ్వకూడదు. ముందు నవ్వినవాడు అందరి కప్పులూ కడగాలి. ఊరి చరిత్ర మొత్తం ఆ బల్లమీదే ఉంది. పశ్చిమానికి పోతున్న జర్మనీ కుటుంబం ఒకటి ఇక్కడ బండి ఇరుసు విరిగి ఆగిందట. ఇరుసు బాగుచేసేసరికి ఆ ఇల్లాలు ట్రంకుపెట్టెమీద కూర్చుని “నేనింక లేవను” అందట. ఆవిడ లేవలేదు కాబట్టి ట్రంకుపెట్టె చుట్టూ ఊరు కట్టాల్సివచ్చిందట. ఈ బల్ల కూడా మొదట చర్చి తలుపేనట. గాలివానకి ఎగిరి పక్క కౌంటీలో పడితే, అక్కడివాళ్ళు దానిమీద భోంచేస్తుండగా వెళ్ళి ఎత్తుకొచ్చారట. ఇవన్నీ చెప్పింది బల్లకి పెద్ద, నేను నిచ్చెన తాత అని పేరు పెట్టుకున్న పొడుగాటి రైతు. ఆయన మొహంలో నవ్వు పుట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

విన్నన్నాళ్ళు విన్నాక ఒక పొద్దున ఆయన చెంచాతో నా కప్పుమీద కొట్టి “నీ వంతు” అన్నాడు. నేను పుట్టి పెరిగింది బెజవాడ మొగల్రాజపురంలో, మూడో అంతస్తులో. పశువులతో నా పరిచయమల్లా ఏలూరు రోడ్డు మధ్యలో పడుకున్న ఆవుల చుట్టూ స్కూటరు తిప్పుకుపోవడం. అయినా పరువు ఉంది కదా. కృష్ణకి వరదొచ్చినప్పుడు మా తాతగారి ఒంగోలు గిత్త మా ఇంటి కప్పుని కొమ్ములకి తగిలించుకుని ఈదిందనీ, కప్పుమీద మా నాయనమ్మ పొయ్యి వెలిగించి పప్పు వండిందనీ, గట్టు చేరేదాకా ఒక్క చుక్క ఒలకలేదనీ చెప్పాను. అప్పటికీ ఎవరూ నవ్వకపోయేసరికి నాకు తిక్క పుట్టింది. “మా వంశంలో మగాళ్ళకి ఒక పిలుపు ఉంది. ఆ పిలుపు పిలిస్తే ఏ దేశపు ఎద్దయినా వెనకాలే వస్తుంది” అన్నాను. ఒక్కరి పెదవీ కదల్లేదు. నిచ్చెన తాత మెల్లగా తలూపి “ఉపయోగపడే విద్యే” అన్నాడు. కప్పులు ఆరోజు ఎవరూ కడగలేదు.

ఊరు పుట్టినరోజు పండగ సెప్టెంబరులో వచ్చింది. ఊరేగింపులో సహకార సంఘం తరఫున ఎవరో ఒకరు మొక్కజొన్న కంకి వేషం వెయ్యాలి. ఒళ్ళంతా పసుపు స్పాంజి గింజలు, భుజాలనుంచి ఆకుపచ్చ ఆకులు, మొహం పట్టేంత రంధ్రం, వీపున జిప్పు. తమ్ముడు దాన్ని చూడగానే “నాకు ఎలర్జీ ఉన్నదన్నా” అన్నాడు. స్పాంజికి ఎలర్జీ ఏమిట్రా అంటే “ఇజ్జత్‌కు సంబంధించిన ఎలర్జీ” అన్నాడు. అలా నేను కంకినై లారీమీద నిలబడ్డాను. లారీ సంఘం గేటు దగ్గర ఉంది. వీధి రెండోకొసన, చర్చి ముందు, గడ్డిమోపులు పేర్చిన బండిమీద ఆదివారం బడి పిల్లలు కూర్చున్నారు. నడుమ పాతకాలపు బడి నమూనా కట్టిన బండి ఒకటి. ఆ బండిని తిప్పుకోవడానికి వెనక్కి పోనిచ్చారు. పాతకాలపు బడికి వెనక అద్దాలుండవు. అది తిన్నగా వెళ్ళి ఆంటీ కంచెని పడగొట్టింది.

జడ్జిగారు బయటికి వచ్చారు. పరుగెత్తలేదు. కోర్టు ముగించుకుని ఇంటికి పోతున్నవాడిలా వీధి నడిమధ్యన నడిచారు. బ్యాండువాళ్ళు డప్పుని రోడ్డుమీదే వదిలేసి అరుగులెక్కారు. అలా నడిచి నడిచి, పిల్లల బండి దగ్గర ఆగి, వాళ్ళు కూర్చున్న గడ్డి తినడం మొదలుపెట్టారు.

ఊరు మొత్తం బిగుసుకుపోయింది. ఆ తల బండి చక్రమంత ఉంది. అది గడ్డి లాగినప్పుడల్లా మోపు కదులుతోంది, మోపుమీది పిల్లలు కదులుతున్నారు. టీచరమ్మ పెదవులు కదపకుండా “ఎవరూ కాళ్ళు ఊపొద్దు” అంటోంది. ఒకాయన బకెట్లో దాణా పోసుకుని దగ్గరికి వెళ్ళాడు. జడ్జి తల ఒక్క విసురు విసిరింది. బకెట్టు వెళ్ళి చర్చి మెట్లమీద పడింది. ఆ విసురుకి బండి అటూ ఇటూ ఊగి ఒక చిన్నపిల్ల వెక్కడం మొదలుపెట్టింది. బందోబస్తుకి వచ్చిన షెరీఫ్ డెప్యూటీ కారులోంచి రైఫిల్ తీశాడు. “అవతలివైపునుంచి కాలిస్తే పిల్లలకి తగలదు. ఇంకోసారి తల విసిరితే నేను ఆగలేను” అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆంటీ మోకాలి ఆపరేషన్ అయ్యి వాకరు పట్టుకుని నడుస్తోంది. ఆ వాకరుతోనే బయల్దేరబోతే ఇద్దరు పట్టుకుని ఆపారు. ఆవిడ డెప్యూటీ వంక చూడలేదు, ఆబోతు వంక చూడలేదు. “పైగది అబ్బాయిని పిలవండి” అంది.

ఇదంతా నాకు తరువాత తెలిసింది. నాకు కనిపించిందల్లా నిచ్చెన తాత పొడుగాటి కాళ్ళేసుకుంటూ మా లారీవైపు రావడమే. వచ్చి, ఎప్పటి మొహంతోనే, “నీ పిలుపుతో పని పడింది” అన్నాడు.

నా గుండె స్పాంజిలోంచి బయటికి వినపడింది. ఆయన మొహంలో నవ్వు కోసం వెతికాను. లేదు. ఆయన వెనకున్నవాళ్ళ మొహాల్లో వెతికాను. అక్కడా లేదు. నవ్వకూడదన్న నియమం పెట్టుకున్న మనుషులతో వచ్చే చిక్కు ఇదే. నమ్మారో నమ్మలేదో చచ్చినా తెలియదు. “అది కథండీ, బల్ల దగ్గర చెప్పిన కథ” అన్నాను. “ఆంటీ నిన్నే అడిగింది” అన్నాడాయన.

దిగాను. వేషం తియ్యరా అన్నాను తమ్ముడితో. వాడు వీపున జిప్పు పట్టుకుని లాగుతున్నాడు, నన్ను కూడా లాగుతున్నాడు.

“వస్తలేదన్నా. గుడ్డలో ఇరుక్కుంది.”

“చింపెయ్.”

“చినుగుతలేదు. అన్నా, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోకు. గా ఆబోతు పొడిస్తే మన ఇన్సూరెన్స్ కవర్ చేస్తదా?”

“నాకేం తెలుసు రా?”

“ప్రాజెక్టు ఇంక అయిపోలే. నువ్వు పోతే కోడ్ మొత్తం నా మీద పడ్తది. జర జాగ్రత్త.”

అలా ఒక మొక్కజొన్న కంకి ఆబోతు భోజనం చేస్తున్న చోటికి తన కాళ్ళమీద తాను నడుచుకుంటూ వెళ్ళింది. (పంటల చరిత్రలో ఇంకెక్కడా ఇలా జరిగి ఉండదు.) రెండువైపులా అరుగులమీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్క దగ్గు లేదు. నా ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు నాకే వినపడుతోంది. బండికి కాస్త దూరంలో ఆగాను. బండిమీద వెక్కుతున్న పిల్ల నన్ను చూసి వెక్కడం ఆపింది. కంకి మాట్లాడుతుందేమోనని చూస్తోంది. బల్ల దగ్గర కోతలు కోసిన పిలుపు ఒకటుంది కదా, అదేదో కూద్దామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

జడ్జి తల ఎత్తింది. నోట్లో గడ్డి అలాగే ఉంది. నా వంక చూసింది. అవతలపక్క డెప్యూటీ రైఫిల్ భుజానికి ఆనించాడు. ఆబోతు ముందుకాలు నేలని ఒకసారి గీకింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది పిలుపూ కాదు, మంత్రమూ కాదు. తెలుగువాడికి ప్రాణంమీదకి వస్తే ఏమొస్తుందో అదే వచ్చింది.

“అమ్మా...”

దాని చెవి ఒకటి నావైపు తిరిగింది.

గీకుతున్న కాలు ఆగింది. నాకు ఇంకోమాట తోచక మళ్ళీ “అమ్మా” అన్నాను. రెండో చెవీ తిరిగింది. అంత భయంలోనూ ఏదో తట్టింది. ఏమిటో పూర్తిగా తెలియలేదు గానీ, నోరు దానంతటదే అలవాటైన దారిలో పడిపోయింది.

“ఆఁ అమ్మా, నేనే. తిన్నానమ్మా. ఆఁ, వంకాయ కూర. ఇక్కడా దొరుకుతాయమ్మా, లావుగా ఉంటాయి, రుచుండదు. లేదమ్మా, చలి ఇంకా మొదలవలేదు.”

జడ్జిగారు బండి వదిలి నావైపు ఒక అడుగు వేశారు. నేను వెనక్కి ఒక అడుగు వేశాను.

“కారు మెల్లగానే నడుపుతున్నానమ్మా. ఆఁ, ఎడంవైపు కాదు, ఇక్కడ కుడివైపే. లేదమ్మా, ఇప్పుడే పెళ్ళేంటమ్మా. ఫొటో పంపించకు. సరే పంపించు. అమ్మా, పెట్టెయ్యకు. ఫోను పెట్టెయ్యకమ్మా, నీకు దణ్ణం పెడతాను, మాట్లాడుతూ ఉండు.”

అంటూ నేను వెనక్కి వెనక్కి, అది ముందుకి ముందుకి. వెనక పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ బండిమీంచి దింపుకుంటున్నారు. నాకు కనిపించడంలేదు, చెప్పులచప్పుడు మాత్రం వినిపిస్తోంది. దాని శ్వాస నా ఆకుల్ని కదిలిస్తోంది. ఒకచోట నా కాలు బ్యాండువాళ్ళు వదిలేసిన డప్పుకి తగిలి ఢమ్మంది. అది ఆగి తల దించింది. నా ప్రాణం ఆగింది. “ఏం లేదమ్మా, గిన్నె పడింది” అన్నాను. అది మళ్ళీ నడిచింది. ఆంటీ బీడులోకి, బీడులోంచి కొట్టంలోకి, కొట్టంలోంచి నేను పక్కతలుపు గుండా బయటికి. నిచ్చెన తాత ఇటు తలుపూ, ఇంకొకాయన అటు తలుపూ మూశారు. గడియ పడ్డ చప్పుడు విని అక్కడే కూర్చోబోయాను. కంకి కాబట్టి కూర్చోలేకపోయాను, పక్కకి పడి దొర్లాను.

ఊరు చప్పట్లు కొట్టింది. డెప్యూటీ రైఫిల్ కారులో పెట్టి, బానెట్ మీద చేతులానించి చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. ఆంటీ వాకరు టకటకలాడించుకుంటూ వచ్చి నన్ను లేపమని ఎవరికో చెప్పింది. “ఆంటీ, మీరు కూడా ఆ పిలుపు కథ నమ్మారా?” అన్నాను.

“ఏ పిలుపు?” అందావిడ. “మీ మగాళ్ళు బల్ల దగ్గర ఏం చెప్పుకుంటారో నాకేం తెలుసు? నువ్వు రోజూ సాయంత్రం ఫోను పట్టుకుని కంచె వెంబడి తిరుగుతావు కదా. నువ్వు ఇటు నడిస్తే మా జడ్జి కూడా అవతలినుంచి ఇటే నడుస్తాడు. నువ్వు తిరిగితే తిరుగుతాడు. నువ్వు ఫోను పెట్టేసేదాకా గడ్డి ముట్టడు. వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన పోయాక ఈ కంచె దగ్గర అంతసేపు మాట్లాడిన మగాడివి నువ్వొక్కడివే.”

ఆ ఊళ్ళో సిగ్నల్ అందేది ఆ కంచె పక్కనే. నాకు అక్కడ సాయంత్రమయితే బెజవాడలో పొద్దున. మా అమ్మ రోజూ అవే ప్రశ్నలు అడిగేది, నేను రోజూ అవే జవాబులు చెప్పేవాణ్ణి. ఇవతల ఒకడు నడుస్తున్నాడనీ, అవతల ఇంకొకడు వింటున్నాడనీ నేను ఒక్కనాడూ తల తిప్పి చూసుకోలేదు. ఆ సాయంత్రం కూడా అమ్మ చేసింది. “ఇవాళ ఏం చేశావురా?” అంది. “ఏం లేదమ్మా, ఊళ్ళో పండగ” అన్నాను. “తిన్నావా?” అంది. నేను జవాబు చెప్పేముందు, ఊరివాళ్ళు అప్పుడే మళ్ళీ నిలబెట్టిన కంచె అవతలికి చూశాను. జడ్జిగారు నా జవాబు కోసం ఆగి ఉన్నారు.

మర్నాడు బల్ల దగ్గర జరిగినది జరిగినట్టు చెప్పాను. పిలుపు అబద్ధమనీ, భయపడి అమ్మని తలుచుకున్నాననీ, వంకాయ కూర గురించి మాట్లాడితే ఆబోతు నా వెంట వచ్చిందనీ. ఒక్కరూ నవ్వలేదు. నిచ్చెన తాత కాఫీ తాగడం ముగించి “నీ మొదటి కథే నమ్మేటట్టు ఉంది” అన్నాడు. తమ్ముడు కూడా నమ్మలేదు. “అది మక్కకంకిని జూసి వచ్చిందన్నా. నీ ముచ్చట జూసి ఎవడొస్తడు?” అన్నాడు. కొత్త ప్రోగ్రాము నడిచింది, కోతలయ్యాయి. మేము ఊరు వదిలేరోజున బల్లవాళ్ళొచ్చి ఆ మంత్రాన్ని మీ లిపిలో రాసివ్వమన్నారు. మంత్రం కాదు మొర్రో అన్నాను. వినలేదు. సరే కదా అని అందమైన అక్షరాలతో రాసిచ్చాను.

మొన్న శరదృతువులో మా అమ్మాయిని కాలేజీలో దింపి వస్తూ, కాదు, దింపడానికి పోతూ, దారి మళ్ళించి ఆ ఊరు తీసుకెళ్ళాను. ఆంటీ లేదు. జడ్జిగారూ లేరు. బీడులో సోయాబీన్ వేశారు. కాఫీ హోటల్లో నిచ్చెన తాత కుర్చీలో ఆయన కొడుకు, అదే పొడుగు, అదే మొహం. గోడమీద ఫ్రేము మాత్రం ఉంది. నేను చేత్తో రాసిన కాగితం, అద్దం వెనక, పసుపెక్కి. మా అమ్మాయి తెలుగు చదువుతుంది గానీ బండి మెట్లెక్కుతున్నట్టు చదువుతుంది.

“అమ్... మా. తిన్... నా... నమ్మా. వంకాయ కూర.” నావైపు తిరిగింది. “నాన్నా, వెయిట్. ఇది నువ్వు డైలీ బామ్మకి చెప్పేది కదా?”

బల్ల చుట్టూ అందరూ కప్పులు దించారు. నిచ్చెన తాత కొడుకు ముందుకి వంగాడు. “నువ్వు చదవగలవా? మా నాన్న పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఏమని ఉంది అందులో?”

మా అమ్మాయి నా వంక ఒక్క క్షణం చూసింది. అప్పుడు నాకు కనిపించిన మొహం నేను పెంచిన పిల్లది కాదు, ఆ బల్ల పెంచిన పిల్లది. వాళ్ళవైపు తిరిగి, ఒక్క కండరం కదలకుండా, చర్చిలో చదివినట్టు చెప్పింది. “చాలా పాత భాషండీ. ట్రాన్స్‌లేట్ చెయ్యడం కష్టం. ఎద్దుల తల్లిని పిలిచి, ఆకలి తీరిందా అని అడుగుతున్నారు.”

ఎవరూ నవ్వలేదు. అందరూ మెల్లగా తలూపారు.

నేను నవ్వాను. ఆపుకుందామని చూశాను, స్పాంజిలో ఉన్నప్పుడు కూడా అంత కష్టపడలేదు. బల్ల బల్లంతా నావైపు తిరిగి కప్పులు ముందుకి నెట్టింది.

హోటలు వెనక సింకు దగ్గర కిటికీ ఉంది. అందులోంచి ఒకప్పుడు ఆంటీ కంచె ఉన్నచోటు కనిపిస్తుంది. కప్పులు కడుగుతుంటే జేబులో ఫోను మోగింది. అమ్మే. సబ్బు చేతులతో చెవికి ఆనించుకుని “తిన్నానమ్మా” అన్నాను, ఇంకా తినకపోయినా. నాలుగడుగులు ఇటు వేసి, నాలుగడుగులు అటు తిరిగి, నా కర్మ, అవతల ఎవరైనా ఆగి ఉన్నారేమోనని కిటికీలోంచి బయటికి చూశాను.